తాలు ఆరబోసిన మలుపు

ఎల్లారెడ్డి,
ఆదివారం.

షగుఫ్తా వాళ్ల అబ్బాకు,

మహజబీన్ సలాం. అల్లా దయ వల్ల నేను, షగుఫ్తా, మీ అమ్మీ బాగున్నం. దమ్మాంలో మీరు కూడా ఆరోగ్యంగా ఉన్నరనుకుంటున్న. పక్కింటి కలీమ్‌కు సెలవు అయిపోయింది, ఎల్లుండి విమానం ఎక్కుతున్నడు. ఈ ఉత్తరం ఆయన చేతికి ఇస్తున్న. వాయిస్ మెసేజ్ పెడితే మీరు ట్రైలర్ నడుపుకుంటనే వింటరు. ఇది బండి పక్కకు ఆపి చదవాల్సిన సంగతి.

పోయిన ఉత్తరంలో మీరు అడిగినవి ముందు చెప్త. స్కూటీకి బ్రేకులు మార్పించిన. షగుఫ్తాకు తొమ్మిదో తరగతి పుస్తకాలు వచ్చినయి. లెక్కలు మాత్రం అబ్బా వచ్చినంక చెప్పించుకుంట అంటది. పోచారం ప్రాజెక్టు కింద మన పొలం వడ్లు కొనుగోలు కేంద్రంలో తూకమైనయి. అమ్మీ మోకాళ్ల గురించి అడిగిండ్రు. నొప్పి ఎక్కువే ఉన్నది. ఎందుకు ఎక్కువైందో చివర చెప్త.

ఇక అసలు మాట. "తప్పైందని ఒప్పుకుంట ఎస్సై ఇచ్చిన మాఫీ కాగితం మీద సంతకం పెట్టి పని ముగించు. నీది వార్తలు రాసే పని, రోడ్డు మీద తాలు పోసే పని కాదు" అని మీరు రాసిండ్రు. మీకు ఎవరో సగమే చెప్పినట్టున్నరు. మిగిలిన సగం కూడా వినుండ్రి.

కామారెడ్డి నుంచి వస్తుంటే గుట్టకింది తండా మలుపు మీకు యాదికి ఉంటది. మీరు లారీ నడిపిన రోజుల్లో అక్కడ గుంతలుండె, బండ్లు వాటంతటవే మెల్లగయ్యేవి. ఇప్పుడు రోడ్డు వెడల్పు చేసిండ్రు. మలుపు దగ్గర ఒక దిక్కు గుట్ట, ఒక దిక్కు తండా ఇండ్లు. అందుకని అక్కడ పాత వెడల్పే ఉంచి, నున్నగ తారు పోసి వదిలేసిండ్రు. బస్సు ఆగేది ఆ మలుపు లోపలే. రోడ్డు పొడుగునా బోర్డు మీద ఒకటే అంకె: అరవై.

"బోర్డు ఉన్నది కదా, జనం వినకపోతే రోడ్డు తప్పేంది" అని కూడా మీరు అడిగిండ్రు. నేను పోయి చూసిన. రెండు కరెంటు స్తంభాల నడుమ దూరం టేపుతో కొలిచి, ఫోన్‌లో సమయం చూసుకుంట లెక్క కట్టిన. సీదా రోడ్డు మీద అరవై లోపల పోయే కారు దాదాపు లేదు. వాళ్లను తిట్టలేను. అక్కడ రెండు దిక్కులా పొలాలే, నా స్కూటీ కూడా అరవై దాటుతది. బోర్డును లెక్క చేయకున్నా ఏం కాదని డ్రైవరు అక్కడ నేర్చుకుంటడు, అదే అలవాటుతో మలుపులోకి వస్తడు. మలుపులో అరవై నిజంగనే ఎక్కువ. అంటే సీదా రోడ్డు మీద తక్కువైన అంకె మలుపులో ఎక్కువైంది, రెండు చోట్లా పనికి రాలేదు. దమ్మాంలో మలుపు మలుపుకు బోర్డు మారుతదని చెప్పింది మీరే.

రోడ్ల ఇంజనీరును కలిసిన. "రోడ్డు మొత్తానికి ఒకటే స్పీడ్ మేడం" అన్నడు.

"ఆ మొత్తంలో మలుపు కూడా ఉన్నదా సార్?" అన్న.

చాయ్ తాగమన్నడు.

ఆ మలుపులో బండ్లు మెల్లగ పోయే కాలం ఒకటి ఉన్నది. కోతలప్పుడు తండా ఆడవాళ్లు సగం రోడ్డు మీద వడ్లు ఆరబోస్తరు. అది మంచి పని కాదని పేపర్‌లో రాసిన, మళ్లీ రాస్త. వడ్ల అంచుకు పెట్టే రాళ్లు చీకట్లో బైకుల వాళ్లను పడగొడుతయి. కానీ కండ్లతో చూసినది కూడా చెప్పాలె. బోర్డును లెక్క చేయని డ్రైవరు వడ్లను లెక్క చేస్తడు. ఎంత పెద్ద కారు వాడైనా గింజల మీదికి టైరు ఎక్కియ్యడు. పక్కకు జరిగి మెల్లగ పోతడు.

వడ్లు ఎత్తి రోడ్డు ఖాళీ అయిన వారమే భూమికకు దెబ్బ తగిలింది. తండాలో పార్వతిబాయి మనుమరాలు, ఇక్కడ డిగ్రీ చదువుతది. బస్సు దిగి రోడ్డు దాటుతుంటే కారు గుద్దింది. బతికింది, కాలులో రాడ్ వేసిండ్రు. నేను పంపిన వార్తకు డెస్కు వాళ్లు 'అతివేగమే కారణం' అని హెడ్డింగు పెట్టిండ్రు. అతివేగం కాదు. ఆ కారు అరవై లోపలే వచ్చిందని, మలుపు దగ్గరి సీసీ కెమెరా చూసిన ఎస్సై నాతోనే అన్నడు. బోర్డు మాట విన్న కారే పిల్ల కాలు విరగ్గొట్టింది. నన్ను నిద్రపోనియ్యనిది ఈ సంగతే.

పార్వతిబాయి వార్త కోసం ఆగలేదు. కొనుగోలు కేంద్రంలో వడ్లు తూర్పార పట్టినంక మిగిలిన తాలును, లోపల గింజ లేని ఉత్త పొట్టును, సంచుల్లో మోయించి, మలుపు దగ్గర సగం రోడ్డు మీద పరిచింది. దూరం నుంచి చూస్తే అచ్చం వడ్లే. రాళ్లు పెట్టొద్దని నేను చెప్పిన, తాలు నింపిన సంచులే అంచుకు పెట్టిండ్రు. పొద్దుగూకక ముందే అన్నీ ఎత్తుతరు. మళ్లీ స్తంభాల దగ్గర నిలబడి కొలిచిన. నలభై దాటిన బండి ఒక్కటి కూడా కనబడలేదు.

మూడో నాడు ఎస్సై వచ్చిండు. పార్వతిబాయి చెంబుతో నీళ్లు చల్లుతున్నది.

"ఏం చేస్తున్నవు అవ్వా?"

"వడ్లు ఆరబోస్తున్న సారూ."

"ఆరబోసేటోళ్లు నీళ్లు చల్లుతరా?"

"చల్లకపోతే గాలికి పోతయి సారూ. తాలు కదా."

వెనుక కానిస్టేబుల్ మొఖం తిప్పుకొని నవ్విండు. ఎస్సై నవ్వలేదు. "తాలు ఎన్ని రోజులు ఆరబెడుతవు?" అన్నడు.

"మలుపుకాడ కొత్త బోర్డు మొలిచేదాక."

రోడ్డుకు అడ్డం కలిగించినందుకు కేసు రాసిండు. వెనుక ఉండి చేయించింది విలేకరి అని నా పేరు మొదట పెట్టిండు. అది పూర్తిగ అబద్ధం కాదు, తండాలో తాలు అయిపోయినంక మన ట్రాలీలోనే మన పొలం తాలు పోయింది. మాఫీ రాసిస్తే కేసు ఉండదు అన్నడు. రాయకపోతే ప్రెస్ కార్డు వాపస్ చేయాలని పేపర్ వాళ్లు ఫోన్ చేసిండ్రు. రేపటిదాక టైమిచ్చిండ్రు.

ఆ కాగితం మళ్లీ మళ్లీ చదివిన. 'మా చర్య వల్ల వాహనాల వేగానికి అంతరాయం కలిగినది' అని ఒక వాక్యం ఉన్నది. దాని కింద సంతకం పెట్టమంటే పెడుత. అంతరాయం కలగాలనే చేసినం. 'అందుకు చింతిస్తున్నాము' అనే రెండో వాక్యం దగ్గర నా పెన్ను ఆగింది. ఇన్నేండ్లు చూసినదే రాసిన. నాకు లేని చింత ఉన్నదని ఒక్కసారి రాస్తే, ఆ తర్వాత నేను రాసింది ఎవరు నమ్మాలె? కార్డు పోతే పోతది. స్తంభాల దగ్గర నిలబడి కొలవనీకి కార్డు అడిగేటోళ్లు ఎవరూ లేరు. కొలిచిన అంకెలు, కెమెరా సంగతి రాసి, కలెక్టరేట్‌లో జనం మొర వినే ప్రజావాణిలో అర్జీ ఇచ్చిన. రసీదు ఉన్నది.

ఇప్పుడు అమ్మీ మోకాళ్ల సంగతి. మీకు చెప్పొద్దని నాతో మాట తీసుకున్నది, ఆ మాట తప్పుతున్న. కేసులో రెండో పేరు బిల్కిస్ బేగం. మీ అమ్మనే. ట్రాలీ పంపింది నేను కాదు, ఆమె. నాకు తెలిసేసరికి ట్రాలీ మీద ఆమె కూడా కూర్చొని పోయింది. పొద్దంత రోడ్డు మీద కూర్చొని పార్వతిబాయితో కలిసి తాలు చేతితో పరిచింది. మోకాళ్లు నొయ్యవా మరి.

ఎస్సై మర్యాదగనే మాట్లాడిండు. "ఖాలా, పెద్దమనిషివి, నీకెందుకు ఇది? ఇంటికి పో."

అమ్మీ కదలలేదు. "నా కొడుకు ఇదే తోవల లారీ నడిపిండు బేటా. బోర్డు చూసి వాడు ఎన్నడు మెల్లగ పోలే. వడ్లు చూసి మాత్రం పోయేటోడు. నాకే చెప్పిండు."

మీరు చెప్పిన మాట ఇప్పుడు ఠాణా కాగితాల్లోకి ఎక్కింది. అందుకే రోడ్డు మీద తాలు పోసే పని నాది కాదని రాసేముందు, ఆ పని మీ ఇంట్లో ఎవరు నేర్పిండ్రో ఒకసారి ఆలోచించుండ్రి.

రేపు ఇద్దరం పోయి కాగితం సంతకం లేకుండనే వాపస్ ఇస్తం. అమ్మీ మంచి బుర్ఖా ఇస్త్రీ చేయించుకున్నది. ఎస్సై కుర్చీ వేస్తడా లేదా అని షగుఫ్తాతో పందెం కాసింది. మలుపులో బోర్డు మారి, బస్సు ఆగే జాగ సీదా రోడ్డు మీదికి జరిగిన నాడు తాలు నేనే ఊడ్చి ఎత్తుత. అప్పటిదాక పరుస్తనే ఉంటం.

వచ్చే నెల మీ సెలవుకు కామారెడ్డి నుంచి ట్యాక్సీలోనే వస్తరు కదా. గుట్టకింది తండా దగ్గర రోడ్డు మీద పసుపు పచ్చగ కనబడుతది, డ్రైవరు తనంతట తనే మెల్లగ చేస్తడు. అవి వడ్లు కావని ఆయనకు చెప్పకండి.

దువాలో మమ్మల్ని యాది చేసుకోండి.

ఇట్లు,
మీ షగుఫ్తా అమ్మీ,
మహజబీన్.