పట్ట రెండో కొస

ఏమండీ,

ఇవాళ మీ సంవత్సరీకం. మనవాళ్లంతా భోజనాలకు కూర్చున్నారు. కళ్లంలో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. పడమర నుంచి నల్లమబ్బు లేచింది. మీరైతే ఎంగిలిచేత్తోనే పరిగెత్తేవారు. మీ తమ్ముడు మాత్రం నెయ్యి వేయించుకుంటూ, "వారమంతా వాన లేదని టీవీలో చెప్పారు వదినా. అది దూదిమబ్బు, తేలిపోద్ది," అన్నాడు.

దూది ఏ రంగులో ఉంటుందో తెలియదా, పత్తి పండించేవాడికి?

కాయల మీద కప్పడానికి నేనే పట్ట లాక్కుంటూ వెళ్లాను. "ఇవాళ కూడా కాయల గోలేనా?" అంది మీ అమ్మ. ఒక కొస మీద రాయి పెట్టి రెండోది లాగేలోపు గాలీ వానా కలిసొచ్చి మొదటిది లేపేశాయి. "ఏమండీ, ఆ కొస పట్టుకోండి," అని కేకేశాను, ఎప్పటిలాగే మిమ్మల్ని.

అది విని అందరూ విస్తళ్ల ముందు నుంచి లేచి వచ్చారు. పట్ట పట్టుకోవడానికి కాదు, నన్ను ఓదార్చడానికి.