చాటింపు పడ్డాక ఆట ఊరు దాటదు

బంగారుపాళ్యం,
20 ఏప్రిల్ 2009.

తిరుపతిలో ఉన్న మా మేనత్త దేవకమ్మకు, ఆమె మాట ఒక్కటీ వినని మేనల్లుడు చక్రధర్ దండం పెట్టి రాసేది.

ఫోన్ చేస్తే మధ్యలో పెట్టేస్తావు. ఉత్తరాన్ని పెట్టెయ్యలేవు కాబట్టి రాస్తున్నాను. చివరిదాకా చదువు.

నా ఆట తీసుకున్నారత్తా! అమెరికాలో బ్లూ షట్టర్ అని ఒక అంగడి ఉంది. అంగడంటే గోడలూ అరలూ ఉండవు. ఎవరైనా తమ ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని అందులో ఆటలు కొనుక్కోవచ్చు. వందల మంది పనిచేసే కంపెనీలు సరుకు పెట్టే చోటది. అక్కడ, ఐటీఐ మధ్యలో వదిలేసి, మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో డబ్బాలకు మూతలు బిగించే వాడు ఒక్కడే కూర్చుని చేసిన "ఏడు వేషాలు" పెడతామన్నారు. ఏ రోజున అమ్మకానికి పెట్టాలో నన్నే చెప్పమన్నారు. ఆ తేదీని తర్వాత ఒక్కసారే మార్చుకోవచ్చట.

నేను మే 6 అని చెప్పేశాను. ఎందుకంటే మే 13న "ఉక్కు సామ్రాజ్యం" అనే పెద్ద కంపెనీ ఆట వస్తోంది. అది వచ్చిందంటే జనం ఇంక వేరే దాని మొహం చూడరు. దానికంటే ముందే మన గంగమ్మ వేషాలు మార్చుకుంటూ, ఆడపిల్లల్ని చెరబట్టి దాక్కున్న పాలెగాణ్ణి వెతికి తల నరికెయ్యాలి. ఆట అదే కదా.

నా కంప్యూటర్ కాలిపోయాక మిగిలింది నీకు దాచమని ఇచ్చిన సీడీ ఒక్కటే. మీ ముందు గదిలో నెట్ సెంటర్ నడిపే నిస్సీకి అది ఇవ్వు. మే 4 లోపల ఎక్కించేస్తుంది. ఇక్కడి నెట్‌లో ఎక్కిస్తే ఈ సీజన్ మామిడికాయలన్నీ పండి, కుళ్ళి, టెంకలు మొలకెత్తినా సగం కూడా పోదు.

ఈ ఆట నిలబడితే నేను మూతలు బిగించడం మానేస్తాను. నిలబడకపోతే జీవితమంతా బిగిస్తాను. అంతే సంగతి.

ఇట్లు,
నీ కోపిష్టి మేనల్లుడు
చక్రధర్

తా.క.: మీ వీధిలో నా స్నేహితుడు సునీల్‌కుమార్ కనబడితే నేను వాడితో ఇంకా మాట్లాడడం లేదని చెప్పు. ఆట చూపిస్తే "పాలెగాడి మీసం వంకరగా ఉండాది" అన్నాడు. మీసం గురించి మాట్లాడ్డానికి ముందు వాడికొకటి రావాలి కదా!

---

తిరుపతి,
24 ఏప్రిల్.

కోపం తప్ప వేరే ఆస్తి కూడబెట్టని మా అన్న కొడుకు చక్రధర్‌కు, అత్త దేవకమ్మ నెత్తిన చెయ్యిపెట్టి దీవించి రాసేది.

ఉత్తరం చివరిదాకా చదివాను. సంతోషంతో వీధి మొత్తానికి బెల్లం పంచాను. పక్కింటి మునిరత్నమ్మకు కూడా ఇచ్చాను, మాట్లాడుకోకపోయినా.

కానీ మే 6 కుదరదు.

5వ తేదీ మంగళవారం గంగమ్మ జాతరకు చాటింపు. చాటింపు పడ్డాక జాతర ముగిసేదాకా ఊరివాళ్ళు పొలిమేర దాటకూడదని నీకు తెలియదా? మనుషులే దాటకూడనప్పుడు అమ్మవారి వేషాలు ఏడూ మూటగట్టుకుని అమెరికాకు పోతాయా? మూడేళ్ళ కిందట మా వీధి చెంగమ్మ ఎవరి మాటా వినకుండా పూతలపట్టులో పెళ్ళికి పోయింది. ఏమైంది? బస్సు చెడిపోయింది. ఇంకో బస్సెక్కితే అదీ చెడిపోయింది. చివరికి ట్రాక్టర్ ఎక్కి పోతే పంక్తిలో సాంబారు అయిపోయింది.

జాతర అయిపోయాక, 13న పంపించుకో. సీడీ బియ్యం డ్రమ్ములో పెట్టాను. పురుగు పట్టకుండా వేపాకు కూడా వేశాను.

వేళకు తిను. సూపర్‌వైజర్‌తో గొడవ పడొద్దు.

నీ మేలు కోరే అత్త,
దేవకమ్మ

తా.క.: మీసం సంగతి నన్నడగొద్దు. నేనేమీ చూడలేదు.

---

బంగారుపాళ్యం,
27 ఏప్రిల్.

బియ్యం డ్రమ్ముకు కాపలా కాస్తున్న అత్తకు, చక్రధర్ పళ్ళు కొరుకుతూ రాసేది.

13 వద్దన్నాను కదా! ఆ రోజే వద్దన్నాను కదా!

నీకు అర్థమయ్యేలా చెబుతాను. మా ఫ్యాక్టరీ గేటు దగ్గర తోతాపురి మామిడి లోడ్లు దిగుతుంటాయి. పెద్ద తోటలవాళ్ళ లారీలు వరసగా నిలబడిన రోజు, ఒక ట్రాక్టరు కాయలు తెచ్చుకున్న రైతును ఎవరూ పిలవరు. సాయంత్రానికి ఆయన కాయలు మెత్తబడిపోతాయి. కాయల్లో తప్పేమీ లేదు. వచ్చిన రోజు తప్పు. నాది ఆ ఒక్క ట్రాక్టరు. ఒక్కరోజు ముందైనా సరే, లారీలకంటే ముందు గేటు దాటాలి.

ఇంకో మాట. ఆట ఊరు దాటదు. సీడీ నీ ఇంట్లోనే ఉంటుంది. దాని నకలు తీగలో పోతుంది, అంతే. నువ్వు మద్రాసులో ఉన్న పంకజాక్షి పిన్నితో గంటలు గంటలు ఫోన్లో మాట్లాడినప్పుడు నీ గొంతు పొలిమేర దాటడం లేదా? జాతరలో ఫోన్ మానేస్తావా? మానెయ్యవు! మరి నా ఆటకెందుకీ అడ్డం?

జాతరలో రోజుకొకటిగా వేషాలు కట్టడం నేర్పే చిన్నబ్బ తాతను అడుగు. ఆయన పొమ్మంటే నిస్సీకి సీడీ ఇచ్చెయ్యి.

ఇట్లు,
ఇంకా గౌరవం మిగిలే ఉన్న
చక్రధర్

తా.క.: సీడీలో వేపాకు వెయ్యరు అత్తా.

---

తిరుపతి,
1 మే.

న్యాయం అడిగిన చక్రధర్‌కు, న్యాయం తెలుసుకుని వచ్చిన అత్త దేవకమ్మ రాసేది.

చిన్నబ్బ దగ్గరికి పోయాను. నువ్వు రాసింది మొత్తం చదివి వినిపించాను. ఆయన గడ్డం గోక్కుని అన్నాడు:

"గొంతు పోతే పోనీ దేవకమ్మా, మనిషి ఈడనే ఉంటాడు. వేషం అట్ల కాదు. వేషం యాడుంటే అమ్మ ఆడ. దేశమంతా వేషాలు తిరగతా ఉంటే ఈడ మనం జాతర ఎవురికి చేసేది?"

తీర్పు అయిపోయింది. అయితే ఫోన్ గురించి నువ్వు రాసింది మాత్రం అందరికీ నచ్చింది. ఇన్నేళ్ళూ ఎవరికీ తోచలేదు చూడు. గొంతు పొలిమేర దాటడం నిజమే కదా! అందుకని చాటింపు నుంచి మా వీధిలో ఫోన్లన్నీ కట్టేసేటట్టు మాట్లాడుకున్నారు. మునిరత్నమ్మ అల్లుడు నిన్ను పేరు పెట్టి తిడుతున్నాడు.

ఇంకొకటి. మన గంగమ్మ ఎవరో ఉక్కువాళ్ళకు భయపడి ముందు రోజే పారిపోతుందని నువ్వు రాసేసరికి కుర్రవాళ్ళకు రోషం వచ్చింది. "13నే పెట్టల్ల! మొగమొగం సూసుకుందాం!" అని కేకలు. ఆ రోజు నిస్సీ బటన్ నొక్కేటప్పుడు వాకిట్లో డప్పులు, పంబలు. సాయంత్రం పొంగలి. వీలైతే ఆ ఉక్కు కంపెనీ వాళ్ళను కూడా పిలవమంటున్నారు, చిరునామా ఉంటే రాయి.

నీ అత్త,
దేవకమ్మ

తా.క.: నిస్సీ ఈ ఉత్తరంలో తనూ ఒక ముక్క రాస్తానని పెన్ను తీసుకుంది. తర్వాత సునీల్‌కుమార్ గతి గుర్తొచ్చి, పెన్ను నాకే ఇచ్చేసింది.

---

బంగారుపాళ్యం,
4 మే.

అత్తకు.

ఇంక రాయడానికేమీ లేదు. అందరూ కలిసి నా ఆటను డ్రమ్ములో పూడ్చిపెట్టండి. పైన పొంగలి పెట్టండి. అంగడి వాళ్ళకు తేదీ 13కు మార్చమని రాసేశాను. ఉన్న ఒక్క మార్పూ అయిపోయింది.

నేను జాతరకు రాను. నీ గుమ్మం తొక్కను.

చక్రధర్

తా.క.: నేను సెలవు అడగలేదు. ఎందుకడుగుతాను? రావడం లేదు కదా. కోత సెక్షన్‌లో ఆడవాళ్ళ దగ్గర చీర కూడా అడగలేదు.

---

తిరుపతి,
గురువారం, మే 7. బండ వేషం రోజు.

ఒరే చక్రీ!

ఇది రాసేది నీ అత్త కాదు. అత్తయితే దీవించి మొదలుపెట్టును. మొగమంతా కుంకుమ పూసుకోని, మెడలో పూలదండేసుకోని కూసోని ఉండా. బండ వేషం తిడితే కోపం తెచ్చుకోకూడదని, నవ్వి దండం పెట్టాలని నీకు తెలుసు. కాబట్టి నవ్వురా. నవ్వినావా? ఇప్పుడు ఇను.

ఒరే మూత బిగించిన డబ్బా మొగమా! చింతపండు పిసికిన చెయ్యి మాదిరి ముడుచుకునే మొగమా! నీ పాలెగాడు గోడలో ఇరుక్కోని ఉండాడురా!

సీడీ నువ్విచ్చిన వారానికే నిస్సీ మిషన్‌లో ఏసింది. వీధిలో పిల్లోళ్ళందరూ ఆడినారు. నేనూ ఆడినా. బైరాగి వేషం బాగుండాది, తోటి వేషం ఇంకా బాగుండాది, పిల్లోళ్ళు ఎగిరెగిరి పడతా ఉండారు. దొర వేషం కాడికి వచ్చేసరికి, దొరకు దండం పెట్టేదానికి పాలెగాడు బయటికి రావాల గదా? రాడు! గోడలో నిలబడుకోని ఉండాడు. మీసం ఒకటే బయట ఉండాది. అమ్మ కత్తెత్తుకోని గోడ ముందర కాచుకోనుండాది. ఆమె మాత్రం ఎంతసేపని ఎత్తుకోనుంటాది, చెయ్యి లాగదా? కొన్నోడు దుడ్లిచ్చి గోడను సూడాలనా?

ఇది నీకు చెప్పేదెవురు? సునీల్‌గాడు మీసం అన్నందుకే వాణ్ణి ఎలేసినావు. గోడ అంటే మమ్మల్ని బతకనిస్తావా? నిస్సీ ఎన్నిసార్లు ఉత్తరం రాసి చించిందో! నేనే అన్నా, "తాళుమే, చాటింపు పడనీ. జాతరలో అయితే వాణ్ణి తిట్టినా వాడు నోరెత్తకూడదు. అంతదాకా ఏదో ఒకటి చెప్పి ఆపుదాం" అని. చిన్నబ్బతో ఆ తీర్పు చెప్పించింది గూడా నేనే. ఆయనకు నా మాట బో నచ్చి, ఇప్పుడు నిజమనే నమ్ముకోనుండాడు. ఫోన్లు నిజంగా కట్టేస్తారని నాకు మాత్రం తెలుసా?

శ్రీహరికోటలో అంత సదువుకున్నోళ్ళు కూడా ఒక మర సరిగ్గా లేదంటే రాకెట్టును ఆపేస్తారు. ఎవురన్నా వాళ్ళను తిడతారా? నువ్వొకడివి, ఎదురింటోడి లారీ వస్తా ఉండాదని తొడిమ తెగని కాయను గేటు దాటిస్తా ఉండావు. మూడేండ్లు ఆట చేసి, మూడు నిమిషాలు కూసోని ఆడి సూడని మొద్దు నువ్వు!

ఆట బో బాగుండాదిరా. అందుకే తిడతా ఉండా.

ఈ వారం వరకే నీ అత్త కానిది,
కుంకుమ మొగం దేవకమ్మ

తా.క.: "మొద్దు" తిట్టు నాది కాదు. ఉత్తరం గట్టిగా చదువుతా రాస్తా ఉంటే వాకిలంతా జనం, తలా ఒక తిట్టు అందిస్తా ఉండారు. పసుప్పచ్చ చీర కట్టుకోని యాడ్నించో ఒక పొడుగు పిల్ల వచ్చి గుంజకానుకోని నిలబడుకోని ఉండె, మొగమంతా కుంకుమ. "నువ్వూ ఒకటి చెప్పుమే" అంటే కొంగు నోటికడ్డం పెట్టుకోని ఈ మాట చెప్పింది. అన్నిట్లోకీ ఇదే బాగుండాదని రాసినా.

---

తిరుపతి, మీ ముందు గది,
మంగళవారం, మే 12.

గోడకు అటుపక్కన ఉన్న మేనత్తకు, ఇటుపక్కన దాక్కుని ఉన్న చక్రధర్ నవ్వి, దండం పెట్టి రాసేది.

నీ ఉత్తరం బంగారుపాళ్యంలో వాచ్‌మన్ దగ్గర పడి ఉంటుంది. నేను చదవలేదు. అవసరం లేదు. నువ్వు రాస్తున్నప్పుడు మొత్తం విన్నాను. ఆ పసుప్పచ్చ చీర కోత సెక్షన్‌లో వాళ్ళది. లోపల ఉన్నది నేను.

సీడీ దొంగిలించడానికే వచ్చాను. మగవాళ్ళు కూడా మొక్కుకుని చీరలు కట్టే జాతరలో చీర కట్టుకుని వచ్చిన వాణ్ణి ఎవరు ఆపుతారు? నేరుగా వంటింట్లోకి పోయి డ్రమ్ములో చెయ్యి పెట్టాను. దొరికింది. బయటికి వచ్చేసరికి వాకిట్లో నా పేరు పట్టుకుని తిడుతున్నావు. ఎవణ్ణి కొట్టాలా అని నిలబడ్డాను. అప్పుడు నిస్సీ, గోడలో ఇరుక్కున్న పాలెగాడు ఎలా ఉంటాడో చూపించడానికి తలుపు వెనక నిలబడి, చేతివేళ్ళు మాత్రం మీసంలా బయటపెట్టింది. పిల్లలు నేలమీద పడి దొర్లుతున్నారు. చిన్నబ్బ తాత పళ్ళసెట్టు ఊడింది. నాకూ నవ్వొచ్చింది. కోపంగా ఉండి నవ్వితే పొట్టలో ఎంత నొప్పో నీకు తెలియదు. సరిగ్గా అప్పుడు నువ్వు "నువ్వూ ఒకటి చెప్పుమే" అన్నావు. ఏం చెప్పాలి? నిజం చెప్పాను.

ఆ సాయంత్రం నిస్సీకి మొహం కడుక్కుని చూపించాను. "నువ్వా!" అని ఒక్క అరుపు అరిచింది. తర్వాత కుర్చీ జరిపి, "కూసో. ముందర గోడ సంగతి సూడు" అంది. అప్పటి నుంచీ ఇక్కడే ఉన్నాను. ఊరు దాటి పోలేను కదా, రూలు నీదే. పాలెగాడు గోడలోంచి బయటికొచ్చాడు. వచ్చినవాడు ఆగకుండా నేరుగా వీధి చివరిదాకా నడిచిపోతున్నాడు. దాన్నీ సరిచేశాను. పిల్లలు కిటికీలోంచి నిస్సీకి ఇంకో తప్పు చెప్పిపోయారు, పక్కన కూర్చున్నది ఎవరో తెలియకుండా. అదీ సరిచేస్తున్నాను.

ఇప్పుడు అసలు విషయం. రేపు ఆట పెట్టను. అంగడి వాళ్ళకు రాశాను. తేదీ మార్చే అవకాశం అయిపోయిందని తెలుసు, అయినా రాశాను. మొదటిసారి మర్యాదగా రాశాను, నిస్సీ పక్కన కూర్చుంది కాబట్టి. పాలెగాడు గోడలో ఉన్న బొమ్మను కూడా పంపాను. వాళ్ళ దగ్గర్నుంచి జవాబు వచ్చింది. ఆ బొమ్మ వాళ్ళ ఆఫీసులో గోడకు అతికించుకున్నారట. ఎప్పుడు సిద్ధమైతే అప్పుడే పంపమన్నారు. లారీలన్నీ దిగిపోయాక కూడా గేటు తెరిచే ఉంటుందట. ఈ మాట ఎవరినీ అడిగి తెలుసుకోకుండానే మూడు వారాలుగా నేను అరుస్తున్నాను.

ఏ రోజు పెట్టాలో నేను చెప్పను. వీధిలో పిల్లలు మొదటి నుంచి చివరిదాకా ఆడి, ఒక్క తిట్టు కూడా దొరకక విసుగొచ్చి లేచిపోయిన రోజు, ఆ మర్నాడు పెడతాను. డప్పులవాళ్ళకు అట్లే చెప్పు. ఆ రోజు బటన్ నువ్వు నొక్కాలి. నిస్సీ కాదు, నేను కాదు. 

ఈ ఉత్తరం నిస్సీ తెచ్చి ఇస్తుంది. చదివాక అరవొద్దు, గోడ పలచన.

ఇట్లు,
నీ పొడుగు పిల్ల
చక్రధర్

తా.క.: ఉద్యోగం ఉందో పోయిందో తెలియదు. ఊరు దాటితే కదా తెలిసేది. మొన్న చీరా కుంకుమలతోనే ఉన్న నాకు అంబలి పోస్తూ, జాతర పుణ్యాన నీతో మాటలు కలిసిన మునిరత్నమ్మ చెవిలో "ఎవురింటి పిల్లో పాపం, ఇంత పొడుగు, దీనికి మొగుణ్ణి యాడ తెస్తారో" అన్నావు. తేవద్దు. కానీ రేపు నిస్సీ వాళ్ళ నాయన మునెయ్య వస్తే కూర్చోబెట్టి కాఫీ ఇవ్వు. ఆయన వచ్చేది కరెంటు బిల్లు గురించి కాదు, మా ఇద్దరి గురించి.