హ్యాండిల్ నాది, వెనక కడ్డీ నీది

సూరిబావా,

మొన్న నీ సంవత్సరీకం అయింది. నిన్న వెళ్లి డర్ట్ బైక్ కొన్నాను. సాలూరు అవతల కొండదారుల్లో తిరగాలని ముందు అన్నది నువ్వే కదా.

విజయనగరం షాపులో మొదట పెద్ద ఇంజిన్ బండే ఎక్కాను. ఇన్నేళ్లూ హైవే మీద బుల్లెట్ నడిపినవాడిని, పక్కనున్న చిన్నది కంటికి ఆనలేదు. షాపాయన ఆ పెద్దదాన్ని వెనక ఖాళీజాగాలో మట్టి మీద పడుకోబెట్టాడు.

"ఇప్పుడు లేపండి, సూద్దాం. రోడ్డు మీదైతే ఎప్పుడో గానీ పడదు. కొండలో రోజూ పడతాది బాబూ."

హ్యాండిల్ పట్టుకుని ఆగిపోయాను. మన బుల్లెట్ ఎక్కడ పడినా నేను హ్యాండిల్ పట్టేవాడిని, నువ్వు వెనక కడ్డీ పట్టుకుని "ఎత్తు బావా" అనేవాడివి. ఆ మాట వినబడ్డాకే నా చేతులు కదిలేవి.

"ఏటి బాబూ, ఎనక్కి సూస్తన్నారు? మీతో ఇంకెవరైనా వస్తారేటి?"

"లేదండీ, ఒక్కడినే."

పెద్దది మోకాళ్ల దాకా వచ్చి మళ్లీ పడింది. చిన్నదాన్ని కూడా పడుకోబెట్టించి చూశాను. అది లేచింది. అదే తీసుకున్నాను. దానికి వెనక సీటు లేదు, కడ్డీ కూడా లేదు.

ఈ ఉదయం కొండ మొదట్లోనే పడ్డాను. దెబ్బేమీ తగల్లేదు. చుట్టూ జీడితోటలు తప్ప మనిషి లేడు. హ్యాండిల్ పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాను. తర్వాత "ఎత్తు బావా" అని నేనే అన్నాను. బండి లేచింది.