అల్మాటీ నుంచి అక్తావుకి మూడు గంటలే

ఏప్రిల్ 9, మంగళవారం

చెల్లెలు షోల్పాన్ అక్తావు నుంచి ఫోన్ చేసింది. దాని కొడుకు దియాస్ నిలబడుతున్నాడట. శనివారం మధ్యాహ్నం పన్నెండింటికి వాడి కాళ్లకు నలుపు తెలుపు దారం కట్టి కోస్తారు. ఎవరు కోస్తే వాళ్ల నడకే పిల్లాడికి వస్తుంది. కోసేది నేనేనట. నేను! చిన్నప్పటి నుంచీ ఎడమ కాలు ఈడ్చే మనిషిని. అదే అంటే, "నువ్వు కుంటుతూనే కొండలెక్కావు. నా కొడుక్కి ఆ నడకే కావాలి. నోర్మూసుకుని అమ్మ కత్తెర తీసుకుని రా అక్కా" అంది.

చాలాసేపు ఏడ్చాను. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి.

ఏప్రిల్ 10

షోల్పాన్ అత్తగారు ఒప్పుకోవడం లేదు. "ఊళ్లో కాళ్లు సరిగ్గా ఉన్నవాళ్లే కరువయ్యారా?" అందిట. పక్కింట్లో పరుగు పందెం గెలిచిన అమ్మాయి ఉందిట. చివరికి బేరం కుదిరింది. పన్నెండింటికి గుమ్మంలో ఉంటే నేను, లేకపోతే ఆ పరుగుల రాణి. విమానంలో మూడు గంటలేగా, అదేం పెద్ద దూరమని కూడా అందిట. ఆవిడ జన్మలో విమానం ఎక్కలేదు.

ఏప్రిల్ 11

వెబ్‌సైట్ కూడా అదే పాట. రెండు వేల చిల్లర కిలోమీటర్లు, మూడు గంటలు. ఆ మూడు గంటల్లో ట్రాఫిక్ లేదు, క్యూ లేదు, మా నాన్న లేడు. తొమ్మిదింటి ఫ్లైట్ దొరికింది. తొమ్మిదీ మూడూ పన్నెండు. అక్తావు మనకంటే గంట వెనక, కాబట్టి పదకొండు. పదకొండుకల్లా దిగుతానని షోల్పాన్‌కి చెప్పేశాను.

ఏప్రిల్ 12

నాన్నతో వేగలేను. మార్చి నుంచి దేశమంతా ఒకే టైమ్ చేసి, అల్మాటీ గడియారాలు గంట వెనక్కి తిప్పించారు. ఆయన మాత్రం గోడ గడియారం ముట్టుకోనివ్వడు. సూర్యుణ్ణి అడిగి మార్చారా అంటాడు. చాదస్తం!

ఏప్రిల్ 13, ఉదయం 5

నాన్న లేపాడు. ఆయన లెక్కలో ఆరు.

మధ్యాహ్నం 12.15, అక్తావు ఎయిర్‌పోర్టు

పన్నెండు దాటిపోయింది! ఆ గంట వెనక ఎక్కడికి పోయింది? ఇప్పుడు రెండూళ్లకీ ఒకటే టైమ్ కదా. నిన్న నా చేత్తోనే రాశాను. నాన్నని వెక్కిరించాను గానీ నా బుర్రలో గడియారం తిప్పుకోలేదు. షోల్పాన్ ఫోన్ ఎత్తడం లేదు. పెట్టె ఇంకా రాలేదు. కత్తెర అందులో ఉంది. బుద్ధి లేదు నాకు.

సాయంత్రం

ఒంటిగంటకి గుమ్మం తొక్కాను. పరుగుల రాణి కత్తెరతో సిద్ధంగా ఉంది. అతిథులు గుర్రపు మాంసం చల్లారిపోతోందని సణుగుతున్నారు. గది మధ్యలో షోల్పాన్, చంకలో దియాస్. గంట నుంచీ కిందికి దింపలేదట. "నేల మీద పెడితేగా కోసేది!" అని అత్తగారికే ఎదురు చెప్పిందిట. నన్ను చూడగానే, మూడు గంటలట మూడు గంటలు, నా నడుం పడిపోయిందని తిట్టిపోసి వాణ్ణి దింపింది. అమ్మ కత్తెరతో నేను కోశాను. వాడు రెండడుగులు వేశాడు, ఎడమ కాలు ఈడుస్తూ. అందరూ నా ఎడమ కాలు వంక చూశారు. నాకు అక్కడికక్కడే చచ్చిపోవాలనిపించింది. అత్తగారు నన్నొక చూపు చూసి, మోకాళ్ల మీద కూర్చుని, వాడి మడమకి చుట్టుకున్న దారం ముక్క లాగింది. వాడు పరిగెత్తాడు! ఆవిడ ఆ ముక్క నా చేతిలో పెట్టి, "తర్వాతి బిడ్డ దారం కోయడానికైనా ఒకరోజు ముందు తగలడు" అంది.

ఏప్రిల్ 15

ఇంటికొచ్చాను. నాన్న ఇంకా గడియారం తిప్పలేదు. దాని మేకుకి దారం ముక్క వేలాడదీశాను. ఏమిటది అన్నాడు. మూడు గంటలు అన్నాను.