నలభై ఒకటికి తొమ్మిది

మార్చి 3, సోమవారం

ఏడాది తర్వాత రేసు కారు మీద కప్పిన గుడ్డ తీశాను. అమ్మేస్తున్నాను. తమ్ముడు ఇక నడపడు. నాకు బండి తయారు చేయడమే వచ్చు.

కొనడానికి ఒక పళ్ల డాక్టరు వచ్చాడు. మనిషి నెమ్మది, ప్రశ్నలు మాత్రం నూటొక్కటి. వెనక యాక్సిల్ రేషియో ఎంత అన్నాడు. 3.73 అన్నాను. అంటే ఏమిటన్నాడు. షాఫ్టు 3.73 సార్లు తిరిగితే చక్రం ఒక్కసారి తిరుగుతుంది, ఆ అంకె పెరిగితే బండి మొదట్లో బాగా దూకుతుంది, తర్వాత ఆయాసపడుతుంది అని చెప్పాను. మన ట్రాకులో మలుపుల్లేని చివరి స్ట్రెయిట్ కిలోమీటరు పైనే. అక్కడ స్పీడు రెండొందల అయిదు అందుకోవాలి. 4.10 వేస్తే రెండొందల దగ్గరే ఇంజిన్ చేతులెత్తేస్తుంది. అందుకే 3.73. దానికి తగ్గట్టు గేర్‌బాక్సులో మూడుకీ నాలుగుకీ మధ్య ఎడం తగ్గించాను. నెలరోజులు కూర్చుని వేసిన లెక్క. ఎవర్నీ వేలు పెట్టనివ్వలేదు.

కారులో లోపం లేదు, నడిపినవాడిలోనే ఉందని కూడా అన్నాను. అనకుండా ఉండాల్సింది. నా నోరు నా మాట వినదు.

మార్చి 4

పోయిన ఏడాది ఏం జరిగిందని డాక్టరు ఫోన్ చేసి మరీ అడిగాడు. చెప్పాను. ఆఖరి ల్యాపులో తమ్ముడు అందరికంటే ముందున్నాడు. చివరి స్ట్రెయిట్‌లో ఇంజిన్ చప్పుడు తడబడింది. నా చెవులతో విన్నాను. రెండు కార్లు దాటేశాయి. ఆర్‌పీఎం ముల్లు 7200 మీదికి వెళ్లిపోయిందక్కా, బండి ఇంక లాగలేదు అన్నాడు వాడు దిగి. నా లెక్క ప్రకారం అక్కడ 7200 రానే రాదు, భయమేసి పెడల్ మీంచి కాలు తీశావు, నా బండి మీద పెట్టకు అన్నాను. అందరి ముందూ.

వాడు ఆ రోజుతో మానేశాడు. ఇప్పుడు బ్రెడ్ వ్యాన్ నడుపుతున్నాడు.

మార్చి 6, గురువారం

టెస్ట్ డ్రైవ్. డాక్టరు స్ట్రెయిట్‌లోకి వచ్చాడు. అదే తడబాటు. ఈయనా పిరికివాడే అని నవ్వుకున్నాను. దిగి, కాలు తియ్యలేదండీ, పూర్తిగా తొక్కే ఉంచాను, ముల్లు 7200 దగ్గర కొట్టుకుంది అన్నాడు. ఫోన్ చూపించాడు. అందులో స్పీడు నూట ఎనభై.

7200 అంటే పాడవకుండా ఇంజిన్ తనంతట తనే పెట్రోలు ఆపేసుకునే చోటు. నాలుగో గేరులో అక్కడ రెండొందల ఇరవై రావాలి. నూట ఎనభై ఎలా వస్తుంది?

సాయంత్రం 5.20

3.73 కాదు. 4.56 అయితే వస్తుంది.

మార్చి 7, ఉదయం 8

యాక్సిల్ విప్పాను. లోపల పెద్ద పళ్లచక్రానికి నలభై ఒక్క పళ్లు. చిన్నదానికి పదకొండు ఉండాలి, అప్పుడే 3.73. తొమ్మిదే ఉన్నాయి. పళ్లు లెక్కపెట్టడం నా పనే కదండీ అంటూ డాక్టరు కూడా లెక్కపెట్టాడు. తొమ్మిదే. నేల మీద చతికిలబడ్డాను.

మూత బోల్టుకి ఉన్న రేకు బిళ్ల మీద మాత్రం 3.73 అనే ఉంది. షెల్ఫులో ఉన్న రెండో యాక్సిల్ దించి చూశాను. బిళ్ల 4.56. లోపల పదకొండు.

పోయిన ఏడాది రేసుకు ముందు రెండు మూతలూ విప్పి కిరోసిన్‌తో కడిగింది నేనే. నా శుభ్రం పిచ్చి తగలెయ్య. తళతళా తుడిచి దీని మూత దానికి, దాని మూత దీనికి బిగించాను. బిళ్లలు మూతలతోపాటు మారిపోయాయి, ఆ బిళ్ల చూసే దీన్ని కారుకి వేశాను. లోపలి పళ్లు అప్పుడు నా కళ్లెదుటే ఉన్నాయి. లెక్కపెట్టడానికి రెండు నిమిషాలు చాలు.

మధ్యాహ్నం

వాడు కాలు తియ్యలేదు.

మార్చి 8

తమ్ముడింటికి వెళ్లాను. వ్యాన్‌లో ట్రేలు సర్దుతున్నాడు. అంతా చెప్పాను. చెంప మీద కొడతాడేమో, కొడితే బాగుండు అనుకున్నాను. వాడు ట్రే దించి, లేదక్కా, నేను కాలు తీశాను, నాకు బాగా గుర్తుంది అన్నాడు. ఏ బోర్డు దగ్గర తీశాడో కూడా చెప్పాడు. ఇంజిన్ గురించి నువ్వు పొరబడవు కదా అన్నాడు.

గేటు దాకా వచ్చి మరదలు చెప్పింది. లారీ అడ్డొస్తే దాటడట. దాని వెనకే పోతాడట, ఎంతసేపైనా.

నాకు ఏడుపు కూడా రాలేదు.

మార్చి 10

ఆదివారం రేసు అయ్యేదాకా కారు అమ్మనని డాక్టరుకి చెప్పాను. సరే అన్నాడు. నువ్వే నడపాలి అని తమ్ముడి దగ్గర పట్టుబట్టాను. నువ్వు చెప్తే నడుపుతా అన్నాడు.

యాక్సిల్ మార్చాను. నలభై ఒకటి, పదకొండు. నాలుగుసార్లు లెక్కపెట్టాను.

మార్చి 14

ప్రాక్టీసులో నెమ్మదిగా పోయాడు. బండికి అలవాటు పడుతున్నాడులే అనుకున్నాను.

మార్చి 16, ఆదివారం

చివరి స్ట్రెయిట్. అందరికంటే వాడే ముందు. చప్పుడు తడబడలేదు, మెల్లగా దిగిపోయింది. ఆ రెంటికీ తేడా నాకిప్పుడు తెలుసు.

ఇవాళ నిజంగానే తీశాడు.

నాలుగు కార్లు దాటేశాయి. దిగి నా మొహంలోకి చూశాడు. ఏమైందని చుట్టూ మూగారు. రేషియో మళ్లీ తప్పు పెట్టాను, తప్పు నాదే అన్నాను.

వాడు నమ్మేశాడు.