నాయన వెతికిపెట్టిన టవల్

తమ్ముడు మునిరత్నానికి, విజయవాడ నుంచి అక్క వనజ దీవించి రాస్తున్నది. నా ఒంట్లో బాగానే ఉంది. ఐరాలలో మీరంతా బాగున్నారని నమ్ముతున్నాను. అమ్మ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? నీ భార్య కోమలకు దగ్గు తగ్గిందా?

ఈ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పడానికి చేరి ఎనిమిది వారాలైంది. ఉక్కకు చీర ఒంటికి అతుక్కుపోతోంది. హాస్టల్ పప్పులో పప్పు ఉండదు. సంగటి చేస్తారా అని అడిగితే వంటాయన నన్ను వింతగా చూశాడు. క్లాసులో "యాడ ఉండాది" అన్నానని వెనక బెంచీలు రెండు రోజులు నవ్వాయి. ఆదివారాలు పలకరించే మనిషి ఉండదు. అయినా బాగానే ఉన్నాను, అమ్మను బెంగపడొద్దని చెప్పు.

బోర్డు మీద నా రాతే బాగాలేదు. నెమ్మది, పైగా వంకర. "మేడం, మూడో తరగతి పిల్లలు నయం" అన్నాడు ప్రిన్సిపాల్.

మొన్న ఐసోమర్ల పాఠం. అవే పరమాణువులు, అన్నే పరమాణువులు, అమరిక మాత్రం వేరు. చుక్కలు అవే ఉన్నా కలిపే తీరు మారితే ముగ్గు మారిపోతుంది కదా, అలాగ. అంతవరకు పిల్లలకు ఎక్కింది. ఒకదానికొకటి అద్దంలో బొమ్మలా ఉండే జంట దగ్గర ఆగిపోయారు. "తిప్పి పెడితే రెండూ ఒకటే కదా మేడం?" అంది ఒకమ్మాయి. ఎడమ చెప్పు కుడి కాలికి తొడిగి చూడమన్నాను. అయినా ఎక్కలేదు. విసుగొచ్చి రెండు చేతుల్లో రెండు చాక్‌పీసులు పట్టుకుని రెండు బొమ్మలూ ఒకేసారి గీసేశాను. కుడి చేతి బొమ్మ వణికింది. ఎడమ చేతిది అచ్చేసినట్టు వచ్చింది.

అలాంటి జంటలో ఒకటి పుదీనా వాసన, దాని అద్దంబొమ్మ సోయికూర గింజల వాసన. ఇందులో ఏదీ తప్పు కాదని పిల్లలకు చెబుతుంటే నాకు ఏడుపొచ్చింది.

నా చిన్నప్పటి మాట, నువ్వప్పుడు ఉయ్యాల్లో ఉన్నావు, నీకు తెలియదు. అన్నానికి కూర్చోగానే నాయన నా ఎడమ చెయ్యి వీపు వెనక టవల్‌తో కట్టేవాడు. పలక పట్టినా అంతే. "ఆడబిడ్డ ఎడమసేత్తో తింటే సూసినోళ్లు ఏమంటారు మే?" అనేవాడు. రెండో తరగతిలో చెరకు బండి మీంచి పడి కుడి చెయ్యి విరిగింది. పుత్తూరు తీసుకుపోయి కట్టు వేయించారు. ఇక గతిలేక ఎడమ చేత్తో తిననిచ్చారు, రాయనిచ్చారు. ఆ నలభై రోజులే నేను కడుపునిండా తిన్నాను. కట్టు విప్పిన సాయంత్రమే టవల్ మళ్లీ వచ్చింది.

పోయిన వారం నువ్వు ఫోన్లో నవ్వుతూ చెప్పావు, "అక్కా, మా లాస్యదీ నీ మాదిరే ఎడమసెయ్యి. నాయన టవల్ ఎతికి పెట్టినాడు" అని. నేనూ నవ్వాను. ఆ పూట అన్నం సయించలేదు. నీకు కోపమొస్తే రానీ, ఆ బిడ్డ చెయ్యి కట్టారని తెలిస్తే ఆ ఇంటి గడప తొక్కను. నాయనకు ఎదురు చెప్పలేనంటావా? నాకైతే అప్పుడు ఏడేళ్లే. నువ్వు బిడ్డకు తండ్రివి, నీకేమొచ్చింది? నోరు రాకపోతే ఈ ఉత్తరమే ఆయన ముందు గట్టిగా చదువు.

అమ్మకూ నాయనకూ నా నమస్కారాలు. వాళ్ల దీవెన నాకు ఇప్పటికీ కావాలి. లాస్యకు ముద్దులు. ఈ ఉత్తరమంతా ఎడమ చేత్తోనే రాశాను, చదవడానికి కష్టపడి ఉండవు.

చింతకాయ తొక్కు పంపుతానన్నావు కదా. సీసా పగలకుండా ఆ టవల్ చుట్టి పంపు. ఇక్కడ బోర్డు తుడుచుకుంటాను.

నీ అక్క
వనజ