నీ కోసం పొడిచిన బెజ్జాలు

మార్చి నాలుగు, మంగళవారం. పొద్దుటి నుంచే ఎండ. గాలి కల్లాల వైపు నుంచి వస్తోంది, మిరప ఘాటుకు వీధి వీధంతా తుమ్ముతోంది. రాత్రి నానబెట్టిన బర్రెతోలు తీసి, నీళ్ళు వత్తి, నీడన ఆరేశాను.

రాహేలూ, నేనే. నువ్వు వెళ్ళి అయిదు నెలల మీద ఆరు రోజులు.

రోజూ చేసిన పని రాసుకునే పుస్తకంలోనే ఇది రాస్తున్నాను. వేరే కాగితం తీసుకుంటే ఏం రాయాలో తోచేది కాదు. నువ్వు ఎదురుగా ఉన్నప్పుడే నాలుగు మాటలు మాట్లాడినవాణ్ణి కాదు... ఇప్పుడేం మాట్లాడతానని నవ్వుకుంటున్నావేమో.

సంగతేమిటంటే, మిషను కొన్నాను. తోలు కుట్టే పెద్ద మిషను. గురువారం వస్తుంది.

నీకు మిషనంటే పడదని తెలుసు. "అది కుట్టదయ్యా, పరిగెత్తుద్ది" అనేదానివి. కానీ ఏం చెయ్యను?

ఇరవై రెండేళ్ళు మన పని ఒకటే తీరు. నేను తోలు కోస్తాను, అంచు వెంబడి గీత గీస్తాను, ఆ గీత మీద ఆరెతో బెజ్జాలు పొడుస్తాను. నువ్వు రెండు సూదులు పట్టుకుని ఒక్కో బెజ్జంలో అటునుంచొకటి ఇటునుంచొకటి దూర్చి దారం బిగిస్తావు. ఎద్దుల మెడపట్టెడలు, గంటలు కట్టే పటకాలు, అడిగినవాళ్ళకు బైబిలు తొడుగులు. నేను ఒక్క వరస కూడా కుట్టింది లేదు. నువ్వు ఒక్క బెజ్జం కూడా పొడిచింది లేదు. అలా ఎందుకు పంచుకున్నామో గుర్తుందా? నాకు గుర్తు లేదు.

నువ్వు వెళ్ళాక నెల రోజులకు నీ పీట మీద కూర్చుని, తోలు కదలకుండా పట్టే నీ చెక్క పట్టకారు మోకాళ్ళ మధ్య పెట్టుకుని, ఒక పట్టెడ కుట్టి చూశాను. రెండు రోజులు పట్టింది. దారం ఒకచోట తోలును కోసేంత బిగువు, ఒకచోట గోరు దూరేంత వదులు. అద్దంకి దగ్గర పందెపు ఎడ్లు పెంచే వెంకటేశ్వర్లు గారికి అదే ఇచ్చాను. ఆయన బొటనవేలితో కుట్టు వెంబడి తడిమి చూశారు. మీ ఆవిడ కుట్టింది కాదు కదూ అన్నారు. కాదండీ అన్నాను. తిట్టినా బాగుండేది. పట్టెడను మెల్లగా అరుగు మీద పెట్టేసి వెళ్ళారు.

పోయిన నెలలో ఆయనే మళ్ళీ వచ్చారు. శ్రీరామనవమి పందేలకు పన్నెండు పట్టెడలు కావాలట. ఎట్లా కుట్టినా సరే, తెగకుండా ఉంటే చాలు, కుదరదంటే ఇప్పుడే చెప్పమన్నారు, వేరేచోట చూసుకుంటామన్నారు. ఆయన పోతే ఆయన వెంట ఉన్న ఎడ్లవాళ్ళంతా పోతారు. అది నీకు నేను చెప్పాలా... వాళ్ళందర్నీ ఒక్కొక్కరిగా తెచ్చుకుంది నీ కుట్టే కదా. వాళ్ళు పోతే నేను కోసే తోలు ఇంకెవరికి?

మీ అక్క వచ్చినప్పుడు వాకిట్లోనే మొదలుపెట్టింది. ఏందయ్యా మరిదీ, రానిపని పట్టుకుని ఎన్నాళ్ళు కూచుంటావు, మిషను కొనుక్కోరాదా, మా చెల్లి చచ్చేదాకా కళ్ళు పోగొట్టుకుని కుట్టింది చాల్లేదా అంది. అని, తనే ఏడ్చింది. నేను టీ పెట్టి ఇచ్చాను. అంతకంటే నాకేం చేతనవును?

వారం రోజులు ఈ పుస్తకంలో రెండు పేజీలు మిషన్ల గురించే రాసుకున్నాను. కుట్టుపని తెలిసినవాళ్ళను అడిగి, ఫోనులో చూసి. సూది లావెంత, ఎంత మందం తోలు కుడుతుంది, మోటారు ఏ రకం... అన్నీ రాశాక కూడా ఏది కొనాలో తెలియలేదు. నిన్న గుంటూరు బస్సెక్కాను.

కొట్లో మనకు పనికొచ్చేవి రెండున్నాయి. ఒకటి బల్ల మిషను. పాతది, బరువైనది. తోలును చదునుగా బల్ల మీద పరిచి కుట్టాలి. మోటారు వేస్తే కుట్టినా కుట్టకున్నా మోగుతూనే ఉంటుంది. నేను కాలు అలా ఆనించానో లేదో, నాలుగు వేళ్ళ మేర దూకేసింది. నీ మాటే గుర్తొచ్చింది. రెండోది కొత్తది. సూది కింద బల్ల ఉండదు, గొట్టంలాంటి చెయ్యి ఒకటి బయటికి చాచి ఉంటుంది. తోలును దాని చుట్టూ వంచి కుట్టుకోవచ్చు. నొక్కినంత మేరే కదులుతుంది, కాలు తీస్తే చప్పుడు లేదు. ధర మాత్రం దాదాపు రెట్టింపు.

కొట్టాయన నాకంటే చిన్నవాడు. మర్యాదస్తుడు. మీ తోలు మీదే కుట్టి చూసుకోండి మాస్టారూ అన్నాడు. నేను ఇంటి దగ్గర నుంచి నాలుగు ముక్కలు గుడ్డలో చుట్టి తీసుకెళ్ళాను. ఒకటి తీసి ఇచ్చాను. ఆయన మిషను పాదం కింద పెట్టి కుట్టాడు.

జానెడు కూడా కుట్టలేదు... గీత వెంబడి తోలు చీలిపోయింది. తపాలా బిళ్ళల కాగితాన్ని చింపినట్టు.

ఆయన ఆపి, ముక్కను వెలుగులోకి ఎత్తి చూశాడు. బెజ్జాలు మీరే పొడుచుకొచ్చారేంటండీ, సూది ఉన్నదే అందుకు కదండీ అని నవ్వాడు. పక్క మిషను దగ్గరాయన కూడా వచ్చి చూసి, పెళ్ళికి భోజనం కట్టుకుని పోయినట్టుందే అన్నాడు.

నేనూ నవ్వాను. నవ్వకపోతే ఎట్లా...

ఆదివారం చర్చి నుంచి వచ్చాక కోశాను ఆ నాలుగు ముక్కలూ. కోశాను, గీత గీశాను, బెజ్జాలు పొడిచాను, గుడ్డలో చుట్టాను. మిషను కోసమని తెలిసే చేశాను. నాలుగింటికీ పొడిచాను, రాహేలూ. ఒక్కదాని దగ్గరైనా చెయ్యి ఆగలేదు.

అక్కడితో అయిపోతే అది నవ్వుకునే సంగతే. కానీ నాకు ఇంటి దగ్గర గంపలో ఉన్నవి గుర్తొచ్చాయి.

నీకు తెలియదు కదా. నువ్వు ఆసుపత్రిలో ఉన్న పద్దెనిమిది రోజులూ ఆడవాళ్ళ వార్డులో సాయంత్రమయ్యాక నన్ను ఉండనిచ్చేవాళ్ళు కాదు. మీ అక్క ఉండేది. నేను ఇంటికొచ్చి ఏం చెయ్యాలో తెలియక బెజ్జాలు పొడిచేవాణ్ణి. మొదటి రోజుల్లో నువ్వే అడిగావు, పని ఆగిందా అని. ఆగలేదన్నాను. "నువ్వు పొడిచిపెట్టు, నేనొచ్చి కుడతా" అన్నావు. అందుకని పొడిచాను. ముప్పై ఒక్క పట్టెడలు. అన్ని పట్టెడలు ఎవరూ అడగలేదు. ఎక్కువ పొడిస్తే నువ్వు వచ్చి తీరాల్సి వస్తుందని అనుకున్నానేమో... ఏమనుకున్నానో ఇప్పుడు చెప్పలేను.

చివరి రోజుల్లో నీకు గొంతు పోయింది. ఒకసారి బొటనవేలూ చూపుడువేలూ దగ్గరకు తెచ్చి చూపించావు. ఇంత అని. నేను నీళ్ళు పట్టాను, నువ్వు తాగలేదు. బెజ్జాల మధ్య ఉంచమని నువ్వెప్పుడూ చెప్పే బియ్యపు గింజంత ఎడం గురించా అది? ఇంకేమైనానా? ఆ సంగతి ఎవర్ని అడగాలి?

కొట్టాయన్ని అడిగాను, ముందే పొడిచిన బెజ్జాల్లోకే సూది దిగేట్టు పెట్టొచ్చా అని. మంచివాడు, విసుక్కోలేదు. రెండో ముక్క తీసుకుని, కుట్టు పొడవు మార్చే మీట తిప్పి, మోటారు ఆపేసి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ ఒక్కో కుట్టే వేశాడు. ఎనిమిది బెజ్జాల్లోకి సరిగ్గా దిగింది. వంపు మొదలవగానే తప్పింది. పక్కన కొత్త బెజ్జం పడింది, ఆ తర్వాత ఇంకోటి, అంతే... చీలింది.

వంపు దగ్గర మీ బెజ్జాలు దగ్గర దగ్గరగా పడ్డాయండీ, చేతి పని కదా, పొరపాటు జరిగుంటుంది అన్నాడు.

అది పొరపాటు కాదని చెప్పాలనిపించింది. వంపు దగ్గర ఎద్దు లాగే బలమంతా పడుతుందని, అక్కడ దగ్గరగా పొడవమని నువ్వు చెప్పావని. నిటారుగా ఉన్నచోట ఎడంగా, వంపులో దగ్గరగా, కొసన మళ్ళీ ఎడంగా. అట్లా పొడవడం నాకు చేతికి రావడానికి మూడేళ్ళు పట్టిందని. మిషనుకు ఒకే ఎడం తెలుసు. ఇవన్నీ లోపల అనుకున్నాను. బయటికి ఊఁ అన్నాను.

అవి పక్కన పడేసి కొత్త తోలు కోసుకోండి మాస్టారూ అన్నాడు. న్యాయంగానే చెప్పాడు.

ఇంతకీ ఏది ఇమ్మంటారు అని అడిగితే నా పుస్తకం తీశాను. రెండు పేజీలూ మళ్ళీ చదివాను. అక్షరాలు కనబడుతున్నాయి, తల్లోకి ఎక్కడం లేదు. ఆయన వేరే బేరం చూసుకుని వచ్చాడు. నేను అక్కడే నిలబడి ఉన్నాను. అప్పుడు ఒకటి గుర్తొచ్చింది. పెళ్ళయిన కొత్తలో ఒక పట్టెడను చదునుగా పెట్టి కుట్టమంటే నువ్వు ఒప్పుకోలేదు. "మెడ చదునుగా ఉండదయ్యా" అని ఆ పట్టెడ తీసి నా మెడకే చుట్టావు. లోపలి పొర ముడతపడి గొంతు దగ్గర ఒరుసుకుంది. మీ అమ్మ చూసి, అల్లుణ్ణి కాడికి కడతన్నావేంటే అని ఒకటే నవ్వు. ఆ రోజు నుంచి వంచి పట్టుకునే కుట్టావు.

గొట్టం చెయ్యి ఉన్నదే ఇమ్మన్నాను.

సరైనదే కొన్నానా? కాకపోతే... నువ్వు చెప్పావనే కొన్నాను మరి.

గురువారం దాన్ని బిగించే మనిషి వస్తాడు. వెలుగుండే చోట పెట్టించండి అన్నాడు కొట్టాయన. ఇంట్లో వెలుగుండేది తలుపు పక్కనే. నీ పీట అక్కడే ఉంది. జరపాలి. గురువారం లోపల జరుపుతాను.

గంపలోవి ముప్పై ఒకటీ పారెయ్యను. వాటిని కుట్టగలనని మాట ఇవ్వలేను, నా చేతి సంగతి నీకు తెలుసు. ఎవరికీ ఇవ్వను, వేరే పనికి కొయ్యను. ఈ మాట మాత్రం ఇవ్వగలను.

పందేలకు ఇంకా నెలరోజులుంది. పన్నెండూ కొత్త తోలుతో మొదటి నుంచి మొదలుపెట్టాలి. వాటికి నేను కొయ్యడం వరకే. మిగతాదంతా మిషనే చూసుకుంటుందట.

ఇక ఇవాళ్టి పని. తోలు మధ్యాహ్నానికి పదునుకు వచ్చింది. వెంకటేశ్వర్లు గారి పట్టెడలకు రెండు జతల పొరలు కోశాను. అంచులు నున్న చేశాను. అంచు వెంబడి గీత గీశాను. ఆరె చేతిలోకి తీసుకున్నాను. ఆ తర్వాత